మురుగున పోవు ఎరువు: అధిశోషణ విద్యయు ఉపాధియు

50 కిలోల డి.ఎ.పి. బస్తాలో నత్రజని 9 కిలోలును, ఫాస్ఫరసు మూలకముగా లెక్కించిన సుమారు 10 కిలోలును ఉండును. నగరపు మురుగునీటిలో లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫాస్ఫరసు కలదని తక్కువగానే గణించినను, 20 లక్షల లీటర్లు ప్రవహించునప్పటికి ఒక బస్తా కాలువపాలైనట్లే. మూసీ యొడ్డున అంబర్‌పేట శుద్ధికేంద్రము తన పూర్తి సామర్థ్యమగు 33.9 కోట్ల లీటర్లను స్వీకరించిన దినమున, ఆ నీటితో వచ్చి చేరునది 170 బస్తాల సరుకు. విదేశములనుండి తెప్పించిన ఫాస్ఫేటు శిలతో తయారై, రైతు అప్పుచేసి కొనగా పైరులో చేరి, అన్నమై, మన దేహములగుండ సాగివచ్చిన ఈ ద్రవ్యమే చెఱువు చేరినంతనే నాచును, గుర్రపుడెక్కను మేపి, అవి క్రుళ్ళునపుడు ప్రాణవాయువును హరించి, చేపలను చంపును. 1973లో కెనడాలోని ఆంటారియోలో డేవిడ్ షిండ్లర్ అను శాస్త్రజ్ఞుడు ఒక సరస్సును నడుమ తెఱ కట్టి రెండు పాలుచేసి, ఒక ప్రక్క కర్బనమును నత్రజనిని మాత్రమే, వేఱొక ప్రక్క వానితోపాటు ఫాస్ఫరసును కూడ వేయించగా, ఫాస్ఫరసు పడిన సగమే పచ్చని నాచుతో నిండిపోయెను.

ఈ ఫాస్ఫరసును పటికతోను ఇనుప లవణములతోను అడుగంటించు పద్ధతి పెద్ద కేంద్రములలో కలదు. చిన్న పట్టణములకును కాలనీలకును ఆ వ్యయమును, దానివలన కలుగు బురదయు భారములు. అట్టిచోట్ల ఉపకరించునది అధిశోషణము, అనగా నీటిలోని పదార్థము ఒక ఘనపదార్థపు ఉపరితలమునకు అంటుకొని నిలుచుట. వరి ఊకను కాల్చిన బొగ్గు, ఉక్కు కర్మాగారపు స్లాగు, తాపవిద్యుత్కేంద్రపు బూడిద, అల్యూమినా తీయగా మిగిలిన ఎఱ్ఱమట్టి, గ్రుడ్డుపెంకులు, ఇవన్నియు పరిశోధకులు చేపట్టిన సరకులే. అయితే ఊకబొగ్గు ఉపరితలము సామాన్యముగా ఋణావేశము కలది. ఫాస్ఫేటును ఋణావేశము కలదే. కావున ఇనుమునో సున్నమునో పట్టించిననే గాని అది ఫాస్ఫేటును చేరనీయదు. ఇక నత్రజని రూపమగు అమ్మోనియమునకు జియోలైటు అను ఖనిజము మేలైనది. భీమవరపు ప్రాంతపు రొయ్యల రైతులకు ఈ పేరు చిరపరిచితమే. కాని ఉప్పునీటిలో సోడియము పోటీకి వచ్చి జియోలైటు శక్తిని మిక్కిలి తగ్గించునను సంగతి అమ్మువాడు చెప్పడు, కొనువాడు అడుగడు. నైట్రేటు ఈ సరకులలో పెక్కింటికి తేలికగా లొంగదు. దానిని సూక్ష్మజీవులకే విడిచిపెట్టుట మంచిది.

విద్యార్థులు సామాన్యముగా చేయు పొరపాటు నిచట చెప్పవలసియున్నది. స్వేదనజలములో ఫాస్ఫేటు కలిపి, బీకరులో చిటికెడు పొడి వేసి, ఒక రాత్రి కుదిపి, అధిశోషణమును వర్ణించు లాంగ్‌మ్యూర్ రేఖపై బిందువులు చక్కగా కూర్చుండినంతనే తమ పదార్థము గొప్పదని వ్రాసి పట్టము పుచ్చుకొందురు. నిజమైన మురుగునీటిలో బైకార్బనేటును సేంద్రియ పదార్థములును ఉపరితలముపై ఫాస్ఫేటు అంటుకొను తావులకే పోటీపడును. నిలువు గొట్టములో సరకును కూరి, వారముల తరబడి నీటిని పారించి, ఏ దినమున అవతలివైపున ఫాస్ఫేటు తొంగిచూచెనో కనిపెట్టిన విద్యార్థి పది బీకర్లవానికన్న ఎక్కువ ఎఱుగును. చౌక యనుమాటయు అంత చౌకగా వాడదగినది కాదు: లారీ బాడుగయు, కాల్చుటకైన ఇంధనమును, స్లాగువలన క్షారగుణము పెరిగిన నీటిని సరిదిద్దుటయు, బూడిదనుండి భారలోహములు దిగకుండ చూచుటయు లెక్కలోనికి రావలయును. వాడిన సరకు ఎచటికి పోవుననుటకు సమాధానము లేని పథకము సగము పథకమే. ఫాస్ఫేటు నిండిన శుభ్రమైన బొగ్గు పొలమునకు పోగలిగిన, పోయిన బస్తా కొంతయైనను తిరిగివచ్చినట్లగును.

ఇక ఉపాధి. అధిశోషణోద్యోగి కావలెనను ప్రకటన ఏ పత్రికయందును కానరాదు. ఈ విద్య వేఱు ఉద్యోగముల లోపల నుండును. బి.టెక్.లో సివిల్ లేక కెమికల్, ఎమ్మెస్సీలో రసాయనశాస్త్రము లేక పర్యావరణశాస్త్రము చదివినవారికి ద్వారము తెరచియే యున్నది. గేట్ పరీక్షలో పర్యావరణ విజ్ఞాన, ఇంజనీరింగు పత్రము 2021 నుండి ప్రత్యేకముగా నున్నది. అధ్యాపకులు కాదలచినవారికి యు.జి.సి. నెట్ కలదు. కాలుష్య నియంత్రణ మండలులలో సహాయ పర్యావరణ ఇంజనీరు పదవులును, శుద్ధికేంద్రములను నడపు సంస్థలును, నీటిపరీక్షా ప్రయోగశాలలును, గోదావరి మండలపు ఆక్వా ల్యాబులును ఉపాధి చోటులు. పరిశోధన కోరువారు నాగపురములో 1958లో నెలకొన్న జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరి) వైపును, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) వైపును చూడవచ్చును. వీనిలో ఎచటికేగినను ముందుగా అడుగబడునది చేతిపని: మాలిబ్డినము నీలివర్ణ పద్ధతితో ఫాస్ఫేటును తప్పులేకుండ కొలువగలరా, నమూనాను సరిగా వడగట్టి చల్లగా దాచగలరా యను ప్రశ్నలు. కొలత తప్పిన, తక్కిన సిద్ధాంతమంతయు వ్యర్థము.

ఈ వేసవి సెలవులలో రెండు లీటర్ల క్యానుతో మీ యూరి మురుగుకాలువకు వెళ్ళి, దాని ప్రవాహమును అంచనావేసి, నీరు తెచ్చి, కళాశాల ప్రయోగశాలలో ఫాస్ఫేటును కొలిచి, ఆ కాలువ రోజుకు ఎన్ని బస్తాలు మోసికొనిపోవుచున్నదో లెక్కవేయుడు.