వాగును కొలిచేవారికి కొలువులు

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే రోడ్డులో అజీజ్‌నగర్ గేటు దగ్గర పొద్దున పూట కాలేజీ బస్సులే ఎక్కువ. విద్యాజ్యోతి ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది ఇక్కడే, కేఎల్ యూనివర్సిటీ హైదరాబాద్ క్యాంపస్ ఉన్నదీ ఇక్కడే. ఊరికి ఒక దిక్కున హిమాయత్‌సాగర్, మరో దిక్కున గండిపేటగా పిలిచే ఉస్మాన్‌సాగర్. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల మందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల ఫలితంగా వచ్చిన చెరువులివి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. చుట్టుపక్కల పడిన వాన చిన్న చిన్న వాగులూ కాలువల వెంట వీటిలోకే దిగుతుంది.

సివిల్, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, జియాలజీ చదివే వాళ్లకు ఈ వాగుల నీటిని కొలవడం కంటే మంచి ప్రాజెక్టు దొరకదు. అయినా ఫైనలియర్ రాగానే చాలామంది డబ్బిచ్చి కొనుక్కొచ్చే ప్రాజెక్టుల వైపు చూస్తారు. చేజేతులా పోగొట్టుకునే అవకాశం ఇది.

ఈ ప్రాంతంలో నీటి నాణ్యత కేవలం పాఠ్యాంశం కాదు, ఊళ్ల భవిష్యత్తును తేల్చే విషయం. జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69 జీవో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూనే, నీటి నాణ్యత దెబ్బతినకూడదని షరతు పెట్టింది. దెబ్బతిన్నదో లేదో చెప్పాలంటే, ఇంతకుముందు ఎలా ఉండేదో ఎవరో ఒకరు కొలిచి రాసి పెట్టి ఉండాలి. ఒకే వాగులో ఒకే చోట, ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో తీసిన లెక్కలకు విలువ అక్కడే వస్తుంది. ఒక బ్యాచ్ మొదలుపెట్టి తరువాతి బ్యాచ్‌కు అప్పగించగల పని కనుక, కాలేజీలకు బాగా నప్పుతుంది.

మూసీ మీదే జరిగిన ఒక పని దీనికి మంచి ఉదాహరణ. జెరోన్ ఎన్సింక్ లండన్‌లోని హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్ నుంచి 2006లో డాక్టరేట్ పొందారు. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే ఆయన హైదరాబాద్ దిగువన మూసీ వెంట నలభై కిలోమీటర్ల మేర నీటి నమూనాలు తీసే పని చేశారు. 2003 డిసెంబరు నుంచి 2005 అక్టోబరు దాకా సాగిన ఆ పరిశీలన ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టింది. నగరపు మురుగును మోసుకుపోతున్న నది, దిగువకు పోయే కొద్దీ గణనీయంగా తేరుకుంటోంది. సాగు కోసం కట్టిన కత్వల దగ్గర నీరు నిలిచి మలినాలు అడుక్కి దిగడం ఇందుకు తోడ్పడుతోంది. ఎప్పటివో పాత కత్వలు మురుగు శుద్ధికి కూడా పనికొస్తున్నాయన్న మాట. నదిని ఒక్కచోట, ఒక్కసారి కొలిచి ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు.

పటాన్‌చెరు అనుభవం మరో రకం. అక్కడి పారిశ్రామిక వ్యర్థాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి ప్రపంచమంతా మాట్లాడేటప్పుడు ఈనాటికీ ఆ అంకె ప్రస్తావనకు వస్తుంది. అక్కడి నీళ్లు పాడయ్యాయని ఊళ్ల జనం అంతకు చాలా ముందు నుంచే మొత్తుకుంటున్నారు. జనం గోడుకు కొలతా తోడైతే దాన్ని తోసిపుచ్చడం కష్టమవుతుంది.

పని మొదలుపెట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఉష్ణోగ్రత, పీహెచ్, టీడీఎస్ చేతి మీటర్లతో వాగు ఒడ్డునే చూడవచ్చు. కరిగిన ఆక్సిజన్‌కు వింక్లర్ పద్ధతి ఉంది. సీసాలో గాలి బుడగ మిగలకుండా నీరు నింపి, రసాయనాలు అక్కడికక్కడే కలిపి, ల్యాబ్‌లో టైట్రేషన్ చేస్తారు. సూక్ష్మజీవుల పరీక్షకు స్టెరిలైజ్ చేసిన సీసాలో పట్టిన నీటిని ఐస్ పెట్టెలో పెట్టి వీలైనంత త్వరగా ల్యాబ్‌కు చేర్చాలి. నాచు పెరిగిన నీటిలో ఆక్సిజన్ మధ్యాహ్నం ఎక్కువగా, తెల్లవారుజామున తక్కువగా ఉంటుంది. అందుకే టైము రాయని కొలతకు విలువ లేదు. తేదీ, వేళ, చోటు, ముందు రోజు వాన పడిందా, మీటరును ఎప్పుడు సరిచూశారు, ఎవరు తీశారు, ఇవన్నీ వాగు ఒడ్డునే నోటుబుక్కులోకి ఎక్కాలి.

తెచ్చిన అంకెలను దేనితో పోల్చాలో కూడా తెలియాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వాడకాన్ని బట్టి ఎ నుంచి ఇ వరకు తరగతులుగా విభజించింది. స్నానానికి పనికొచ్చే ‘బి’ తరగతి నీటిలో ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి, సేంద్రియ మలినాలను విచ్ఛిన్నం చేయడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, అంటే బీఓడీ, 3 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగునీటి ప్రమాణాలు వేరు, అవి ఐఎస్ 10500లో ఉంటాయి. వాగు నీటిని నేరుగా తాగునీటి ప్రమాణంతో పోల్చి ‘ప్రమాదం’ అని రాసేయడం విద్యార్థుల పోస్టర్లలో తరచూ కనిపించే తప్పు.

ఫలితాలను నలుగురి ముందు పెట్టడం ఈ పనిలో సగం. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలకు జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ వేదిక ఉంది. కాలేజీ వాళ్లకు సెమినార్లు, పోస్టర్ పోటీలు ఉంటాయి. అక్కడ గెలిపించేది రంగురంగుల స్లైడ్లు కాదు. మ్యాపు మీద నమూనా తీసిన చోట్లు, వానకు ముందూ తరువాతా తేడా చూపే ఒక్క గ్రాఫు, ‘ఇంతవరకే చెప్పగలం’ అనే నిజాయితీ ఉంటే చాలు. అదే ఫలితాన్ని గ్రామసభలో పది నిమిషాల్లో, తెలుగులో, రైతులు అడిగే ప్రశ్నలకు జవాబిస్తూ చెప్పగలిగితే, తరువాత ఏ ఇంటర్వ్యూకూ భయపడనక్కర్లేదు.

ఉద్యోగాల సంగతికొస్తే, కాలుష్య నియంత్రణ మండలిలో ఎనలిస్టు, అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరు పోస్టులు ఉంటాయి. కేంద్ర భూగర్భ జల మండలిలో సైంటిస్ట్-బి కావాలంటే యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. హైడ్రోజియాలజీతో పాటు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకూ అందులో చోటుంది. హైదరాబాద్ జలమండలి, మిషన్ భగీరథ నీటి ల్యాబులు, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులు, ఫార్మా కంపెనీల వ్యర్థజల శుద్ధి విభాగాలు, పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలు కూడా ఈ నైపుణ్యం ఉన్నవారి కోసం చూస్తాయి. పైచదువులకు గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు ప్రత్యేకంగా ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్, ఉస్మానియా, వరంగల్ ఎన్‌ఐటీ, ఐఐటీ హైదరాబాద్‌లలో నీరు, పర్యావరణ రంగాల్లో పీజీ, పరిశోధన చేయవచ్చు. ‘బీఓడీ అంటే ఏమిటి’ అని ఇంటర్వ్యూలో అడిగితే అందరూ జవాబు చెబుతారు. ‘మీ రీడింగు తప్పు కాదని ఎలా చెప్పగలరు’ అంటే నోటుబుక్కు తీసి చూపగలిగినవాళ్లు తక్కువ.

నలుగురు మిత్రులు జట్టుకట్టి, ఒక అధ్యాపకుణ్ని ఒప్పించి, అవసరమైన చోట అనుమతి తీసుకుని, వానాకాలానికి ముందే మూడు చోట్లు ఎంచుకోండి. వరద పారుతున్నప్పుడు మాత్రం నీళ్లలో దిగకండి. మీ దగ్గరి వాగు పేరు, తేదీ, టైము రాసి మొదటి రీడింగు ఈ నెలలోనే తీయండి.