పొలములో తీయు చిత్రములకు మాట సరిగా పట్టుట

సెల్‌ఫోనుతో సేద్యపు పనులను చిత్రముగా తీసి తోటి రైతులకు చూపుట నేడు ఏ గ్రామములోనైనను సాధ్యమే. బొమ్మ కొంచెము మసకగా నున్నను చూచువారు సర్దుకొందురు. మాట వినబడకున్న మాత్రము ప్రమాదము. మన భాషలో అసలు సంగతి వాక్యము చివర వచ్చును. "పూత మీద ఈ మందు కొట్టవద్దు" అనునపుడు "వద్దు" దగ్గరకు వచ్చుసరికి గొంతు తగ్గును. ఆ రెండక్షరములు గాలిలో కలిసినచో విన్నవారు మందు కొట్టుదురు. "లీటరుకు రెండున్నర" అన్నపుడు చివరి ముక్క పోయినను మోతాదు మారును.

ఒకసారి మిరపతోటలో నేను తీసిన చిత్రమునకు ఇదే గతి పట్టినది. రైతు చక్కగా చెప్పినారు. నా ఫోను పదడుగుల దూరమున నున్నది; ప్రక్క చేనులో ఆయిలింజను ఆడుచున్నది. ఇంటికి వచ్చి వినగా ఇంజనే పాఠము చెప్పుచున్నట్లున్నది! మరునాడు పోయి ఆయనను మరల బతిమాలవలసి వచ్చినది.

ఆరుబయట మైకును అడుగు దూరమునుండి రెండడుగులకు జరిపినచో, దానికి చేరు మాట శక్తి నాలుగవ వంతుకు పడిపోవును. దూరముననున్న ఇంజను మోత మాత్రము అంతే యుండును. కావున మైకును మనిషి దగ్గరకు చేర్చవలెను. చొక్కాకు తగిలించు చిన్న మైకు దొరికిన మంచిదే. లేనిచో రెండవ ఫోనులో రికార్డింగు పెట్టి, మైకు రంధ్రము పైకి వచ్చునట్లు పై జేబులో ఉంచవలెను. కండువా దానికి రాసుకొనరాదు. రెండు ఫోనులు నడుచుచుండగా కెమెరా ముందు ఒక్క చప్పట్లు చరచినచో, తరువాత ఆ చప్పుడును బట్టి బొమ్మను, మాటను కలుపుకొనవచ్చును.

గాలికి మైకుపై స్పాంజి తొడుగు వేయవలెను. తల్లాడలో ఖమ్మం, సత్తుపల్లి, కొత్తగూడెం రోడ్లు కలియును గనుక కూడలికి చేరువ చేలలో లారీల రొద హెచ్చు. తెల్లవారుజామున తీయుట మేలు. అడవి వైపు ఊళ్ళలో సందెవేళ కీచురాళ్ళ గోల. మాటలైన పిదప అదే చోట అర నిమిషము ఊరక రికార్డు చేసికొనుడు. ముక్కలు అతుకునపుడు ఆ చప్పుడు అతుకులను కప్పును.

జహీరాబాదు ప్రాంతములో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళా రైతులు, చదువురాని వారు సైతము, వీడియో తీయుట నేర్చి 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పరచుకొనిరి. 2008లో వారి సంఘం రేడియో మాచనూరులో మొదలైనది. వరంగల్లు ప్రత్తి రైతుల గోడును కూడ వారు చిత్రముగా తీసిరి. అందులో రైతుల మాటే ముఖ్యము. అది వినబడకున్న మిగులునదేమి?

పొలము విడువక ముందే, ఆ సంగతి తెలియని వారికెవరికైనను ఇయర్‌ఫోను ఇచ్చి, కండ్లు మూసికొని విని మోతాదు తిరిగి చెప్పుమనుడు. తప్పు చెప్పినచో మరల తీయవలెను. రైతు ఇంకను ప్రక్కనే యున్నారు గదా.