దేవనహళ్ళి గుండప్పగారి జీవితము – శ్రావకులకొక పాఠము



వ్యాపార నిమిత్తమై మనలో ననేకులు బెంగుళూరు విమానాశ్రయమున దిగుచుందురు. 2008లో ప్రారంభమైన ఆ విమానాశ్రయము దేవనహళ్ళిలో నున్నది. ఆ యూరి పేరును తన పేరునకు ముందు ధరించిన మహనీయుడు దేవనహళ్ళి వెంకటరమణయ్య గుండప్పగారు. కన్నడదేశము వారిని డి.వి.జి. యని పిలిచినది. వారు జైనులు కారు. అయినను గుణమెచ్చట నున్నను గ్రహించుట మన ధర్మము.

గుండప్పగారు 1887లో కోలారు ప్రాంతమందలి ముళబాగిలులో జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులు కాలేదు. చిన్న కొలువులు చేసి, పత్రికారచనలో ప్రవేశించి, సంస్కృతమును, ఇంగ్లీషును స్వయంకృషిచే సాధించిరి. వారి చదువు దేశదేశములు తిరిగినది. పారశీకకవి ఉమర్ ఖయ్యామును 1930లో కన్నడమునకు తెచ్చిరి. షేక్స్పియరు 'మాక్బెత్' నాటకమును అనువదించిరి. 1943లో వెలువడిన 'మంకుతిమ్మన కగ్గ' యందు 945 పద్యములు గలవు. సంసారమును విడువక, దానికి దాసుడు కాక బ్రతుకుట యెట్లు? ఇదియే ఆ గ్రంథమునందలి ముఖ్యప్రశ్న. గీతపై వ్రాసిన గ్రంథమునకు 1967లో సాహిత్య అకాడమి బహుమానము లభించినది. 1975లో వారు దివంగతులైరి.

దివానులు మిత్రులుగా నున్నను వారు ధనము కూడబెట్టలేదు. రచనలకు ప్రతిఫలముగా వచ్చిన చెక్కులను మార్చక పెట్టెలో నుంచిరనియు, మరణానంతరమే అవి బయటపడినవనియు చెప్పుదురు. 1970లో తమకు సమర్పించిన సన్మాననిధిని తాము 1945లో స్థాపించిన గోఖలే సంస్థకే యిచ్చివేసిరి.

"మేము వర్తకులము, చెక్కులు మార్చనిచో గుమాస్తాలకు జీతమెట్లు? అప్పులు తీరుటెట్లు?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అందుకే మహావ్రతము మునులకు, అణువ్రతము గృహస్థులకు విధింపబడినది. సర్వము త్యజింపుమని శ్రావకునకు శాస్త్రము చెప్పలేదు. పరిగ్రహమునకు పరిమాణ మేర్పరచుకొమ్మన్నది. దిగ్వ్రతము ప్రయాణమునకు హద్దు. పరిగ్రహపరిమాణము సంపదకు హద్దు.

అయితే మన చిక్కంతయు హద్దు దగ్గరనే యున్నది. లక్షకు గీత గీసినవాడు తొంబదివేలు చేరగానే గీతను ముందుకు జరుపును. లేదా మిగులును భార్య పేరనో, కుమారుని పేరనో వ్రాయించి వ్రతము నిలిచినదని తృప్తిపడును. ఇది వ్రతమునకు అతిచారము. పరిగ్రహమనగా మమకారమని పెద్దలు నిర్ణయించిరి. పేరు మార్చినంత మాత్రమున మమకారము మారదు. గుండప్పగారి పెట్టెను ఎవరును తనిఖీ చేయలేదు, ఎవరును మెచ్చుకొనలేదు. చూచువారు లేనప్పుడు నిలిచినదే నియమము.

వర్ధమానస్వామి నిర్వాణదినమైన దీపావళినాడు మనము క్రొత్త ఖాతాలు తెరచెదము. ఆనాడు ఈ ప్రశ్నలు వేసికొందము:

1. నాకు చాలునన్న మొత్తమెంత? దానిని వ్రాసి పెట్టితినా?
2. గత సంవత్సరపు గీతను జరిపితినా? ఏ కారణమున?
3. గీత దాటిన ధనము ఎవరి అక్కరకు పోవలెను?

మొదటి ప్రశ్నకు జవాబు వ్రాయనిదే తక్కిన రెంటికి జవాబు దొరకదు.

జై జినేంద్ర!