వారమంతా చెప్పేవాళ్ళకు ఒక వినే పూట

శనివారం బడి పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికల్లా ముగుస్తుంది. అక్కణ్ణుంచి సోమవారం ప్రార్థన గంట కొట్టేదాకా ఉన్న సమయమంతా టీచరుదే. అదంతా ఎటు పోయిందని కర్ణాటకలోని మన తెలుగు సీమలో, బాగేపల్లిలో అడిగినా, చింతామణిలో అడిగినా, చిక్కబళ్ళాపురంలో అడిగినా వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే. సగం దిద్దిన నోటుపుస్తకాలు, ఉతకాల్సిన బట్టలు, ఫోను, పగటి నిద్ర. ఆదివారం రాత్రి అయ్యేసరికి అలసట అలాగే ఉంటుంది, దాని మీద సోమవారం బెంగ ఒకటి.

టీచరు అలసట మాట్లాడే అలసట. రోజంతా పాఠం చెప్పాలి, మందలించాలి, బుజ్జగించాలి, ఎప్పుడూ వచ్చే ప్రశ్నకు ఎప్పుడూ చెప్పే జవాబే మళ్ళీ ఓపిగ్గా చెప్పాలి. ఎదుటి మనిషి ఏదైనా కొత్త సంగతి చెబితే నోరు తెరుచుకుని వినే అవకాశం ఈ వృత్తిలో చాలా తక్కువ. అందుకే ఎంత పడుకున్నా ఆ అలసట తీరదు. ఇన్నేళ్ళుగా టీచర్ల మధ్య ఉండి నేను నమ్ముతున్నది ఇది: వారమంతా చెప్పే మనిషి వారంలో ఒక పూటైనా వినాలి. తెలియని మనిషిగా ఎవరి ముందైనా నిలబడాలి. శని, ఆదివారాలను ఈ సంగతి చుట్టూ అమర్చుకోండి.

మొదలుపెట్టడానికి శరదృతువు మంచి అదను. వానలు తెరిపిస్తాయి. చెరువుల్లో నీళ్ళుంటాయి, కొండల మీద పచ్చదనం ఉంటుంది. పొలాల్లో రాగి వెన్నులు బరువెక్కుతుంటాయి, చెనిక్కాయలు పీకుతుంటారు, చేమంతులు మూటలుగా చిక్కబళ్ళాపురం పూల మార్కెట్టుకు చేరుతుంటాయి. బడి క్యాలెండరు కూడా కాస్త సహకరిస్తుంది. అర్ధవార్షిక పరీక్షలు, దసరా రజా, అక్టోబరు 2, నవంబరు 1న రాజ్యోత్సవం. మధ్యలో ప్రతిభా కారంజి పోటీల హడావుడి ఉంటుంది కానీ, వేసవి ముందరి పదో తరగతి ఎస్సెస్సెల్సీ పరీక్షల ఒత్తిడి ఇంకా మొదలుకాదు. ఇప్పుడు కుదిరిన అలవాటే ఫిబ్రవరిలో మిమ్మల్ని నిలబెడుతుంది.

శనివారం నుంచే మొదలుపెడదాం. పిల్లలు వెళ్ళిపోయాక బడిలోనే ఇంకో గంటో గంటన్నరో కూర్చోండి. ఖాళీ గదిలో, ఫ్యాను కింద, నోటుపుస్తకాలు అక్కడే దిద్దేయండి. ఇంటికి మోసుకెళ్ళిన పుస్తకాల కట్ట శనివారం సాయంత్రం విప్పరు, ఆదివారం పొద్దున్న విప్పరు, రాత్రి తొమ్మిదింటికి తిట్టుకుంటూ విప్పుతారు. అంతసేపూ అది మూలన కూర్చుని మనసులో గుచ్చుతూనే ఉంటుంది. గంటన్నరలో తెమలనంత పోగుపడుతుంటే లోపం వారం అమరికలో ఉంది. ఎనిమిదో తరగతి పుస్తకాలు సోమవారం, తొమ్మిదోది మంగళవారం, పదోది గురువారం తీసుకోండి. అన్ని తరగతులవీ ఒక్కసారే తెప్పించుకోకండి. శనివారం మీ సంచిలో టిఫిను డబ్బా తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఇంటికి చేరి భోజనం చేశాక ఓ రెండు గంటలు మౌనం. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి, అలక అనుకోకుండా. గొంతు కూడా కండరాల పనే. రోజూ నలభై మందికి వినబడేలా వాడే గొంతుకు ఆ మాత్రం విశ్రాంతి రాసిపెట్టాలి.

ఇక ఆదివారాలు. వీటిని రెండుగా పంచుకోండి. ఒకటి ఇంటిది, మరుసటిది బయటిది. రెండూ ఒకే రోజులో ఇరికించాలని చూస్తే ఏదీ దక్కదు. మధ్యాహ్నం దాకా ఇల్లు కడిగి, ఆ తర్వాత పిల్లల్ని బస్సెక్కించి, రాత్రికి తిరిగొచ్చే ఆదివారం సోమవారం కన్నా బరువు.

ఇంటి ఆదివారానికి నా సలహా, ఇంట్లో టీచరుగా ఉండకండి. టీచర్ల పిల్లలకు ఇదొక పెద్ద కష్టం. బడిలో ఒక టీచరు, ఇంట్లో ఇంకో టీచరు. అన్నం తింటుంటే ఎక్కాలు, టీవీ చూస్తుంటే దస్తూరి మీద మందలింపు. మనం తరగతిలో అడిగే ప్రశ్నలన్నీ జవాబు మనకు ముందే తెలిసినవి. ఇంట్లో మాత్రం మీకు జవాబు తెలియనివే అడగండి. నీ పక్క బెంచీ పిల్ల ఎందుకు రావడం లేదు? మీ కొత్త సారు నవ్వుతాడా? అత్తా, మీ ఊళ్ళో దసరాకు ఏం చేసేవాళ్ళు? ఇలా అడిగితే మీ పిల్ల, మీ అత్తగారు చెప్పేవాళ్ళవుతారు. మీకు వినే పూట ఇంట్లోనే దొరుకుతుంది.

మాటలు రావాలంటే చేతులకు పని ఉండాలి. ఈ సీమలో అందుకు అనపకాయలను మించింది లేదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మార్కెట్లో ఎటు చూసినా అవే. గింజలు ఒలిచి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్న ఒక్కో గింజా రెండు వేళ్ళ మధ్య నొక్కితే తొక్క ఊడి పప్పు బయటికి జారుతుంది. పితికిపప్పు పులుసు, రాగిముద్ద తినడానికి పది నిమిషాలు చాలు. ఆ పప్పు పితకడానికి మాత్రం ఇంటిల్లిపాదీ గంటసేపు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చోవాలి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే పెదవి విప్పని పద్నాలుగేళ్ళ కుర్రాడు, తల వంచుకుని గింజలు పితుకుతూ బడిలో జరిగిందంతా చెప్పేస్తాడు.

ఇక్కడ మగ టీచర్లకు గట్టిగా ఒక మాట చెప్పాలి. భార్యాభర్తలిద్దరూ టీచర్లయిన ఇళ్ళు మన తాలూకాల్లో చాలా ఉన్నాయి. ఆదివారం ఆయనకు సెలవు, ఆమెకు రెట్టింపు డ్యూటీ అయితే, ఆ ఇంట్లో వ్యక్తిత్వ వికాసం గురించి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు. బట్టలు, గిన్నెలు, కూరగాయల సంచి, పిల్లల యూనిఫారం ఇస్త్రీ, వీటిలో మీ వాటా ఏదో శనివారం రాత్రే తేల్చుకోండి. అలసిపోయి బడికి వచ్చే టీచరమ్మ వెనుక నలభైమంది పిల్లలున్నారు, వాళ్ళకూ ఇది అన్యాయమే.

బయటి ఆదివారం అనగానే చాలామందికి బెంగళూరు గుర్తొస్తుంది. బాగేపల్లి మీదుగా జాతీయ రహదారి 44 పోతుంది, బస్సెక్కితే అదే తీసుకెళ్ళిపోతుంది. లేదంటే నందికొండ. కానీ ఆదివారం తెల్లవారుజామున నందికొండ దారి బెంగళూరు కార్లతో నిండిపోయి ఉంటుంది. దగ్గర చోట్లను మనం ఎప్పుడైనా చూడొచ్చులే అని వదిలేస్తాం, అందుకే వాటినే చూడకుండా రిటైరవుతాం. దగ్గరివే ముందు చూడండి.

బాగేపల్లి వాళ్ళయితే గుడిబండ. పదిహేడో శతాబ్దంలో స్థానిక పాలెగాడు బైరేగౌడ కట్టించిన కోట, సురసద్మగిరి. రాతిలో తొలిచిన దొనల్లో వాననీళ్ళు పట్టుకునే ఏర్పాటు చూసి తీరాలి. కొండ పైనుంచి కిందికి చూస్తే అమాని బైరసాగర చెరువు భారతదేశ పటంలా కనిపిస్తుంది. అది ఎన్నిసార్లు విన్నా, చెరువు నిండిన శరత్కాలంలో మీ కళ్ళతో చూసినప్పుడు కలిగే ఆనందం వేరు. అక్కడ ఎవరికీ పాఠం చెప్పకండి. పశువులు మేపుకునే మనిషి పక్కన కూర్చుని, ఈ చెరువు చివరిసారి ఎప్పుడు మరువ పారింది, ఏ ఊళ్ళకు నీళ్ళు పోతాయి అని అడగండి. "మీకూ తెలియంది ఉంటాదా సార్?" అని నవ్వుతాడు. ఉంటుందని ఒప్పుకోండి.

చింతామణి వాళ్ళకు కైవారం ఉంది. గాజులమ్ముకుని బతికిన నారాయణప్ప యోగి అయ్యాడు, కైవారం తాతయ్య అయ్యాడు. తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడాడు, కాలజ్ఞానం చెప్పాడు. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని స్థలపురాణం. ఇక్కడ భీమలింగేశ్వరుడి గుడి ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మన పిల్లలు తమది ఏదో సగం సగం భాష అనుకుని సిగ్గుపడుతుంటారు. రెండు భాషల్లోనూ పాడిన తాతయ్య సంగతి ఆ పిల్లలకు చెప్పాలంటే, ముందు టీచరు ఆ గుడి అరుగు మీద ఓ గంట కూర్చుని భజన వినాలి. పుస్తకం చూసి చెప్పినదానికీ, విని వచ్చి చెప్పినదానికీ తేడాను పిల్లలు ఇట్టే పసిగడతారు.

చిక్కబళ్ళాపురం వాళ్ళు నందికొండ ఎక్కకపోయినా కొండ కింద నంది గ్రామంలోని భోగనందీశ్వరుణ్ణి చూడొచ్చు. తొమ్మిదో శతాబ్దం నాటి మూలాలున్న గుడి, మెట్ల కోనేరు. పక్కనే ముద్దేనహళ్ళి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఏటా ఆయన పేరిట సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం జరిపే బడులు ఎన్నో, ఆయన పుట్టిన ఇంటి గడప తొక్కిన టీచర్లు ఎందరో లెక్క తీస్తే మనకే నచ్చదు. చరిత్ర చెప్పేవాళ్ళు గౌరిబిదనూరు వైపు విదురాశ్వత్థం వెళ్ళిరండి. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపింది అక్కడే. భూగోళం చెప్పేవాళ్ళకు నదులున్నాయి. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని మన కొండల దగ్గర పుట్టి ఆంధ్రలోకి పోతాయి. చిత్రావతి, పాపఘ్ని చివరికి ఆ పినాకినిలోనే, అంటే పెన్నలోనే కలుస్తాయి. బాగేపల్లి దగ్గర పరగోడు ఆనకట్ట మీద నిలబడి చూసిన టీచరు నదుల పాఠం మునుపటిలా చెప్పలేడు.

ఈ సీమ మనిషే అయిన హెచ్. నరసింహయ్యగారి జీవితం టీచర్లు ఒకసారి తెలుసుకోవాలి. 1920 జూన్ 6న గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పేద ఇంట్లో పుట్టారు. చదువు కోసం బెంగళూరుకు కాలినడకన వెళ్ళారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళారు. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి వచ్చి మళ్ళీ బెంగళూరు నేషనల్ కాలేజీలోనే పాఠాలు చెప్పారు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరయ్యారు. అయినా చివరిదాకా కాలేజీ హాస్టల్లో ఒక చిన్న గదే ఆయన ఇల్లు. బాగేపల్లిలో నేషనల్ కాలేజీ వెలిసింది ఆయన పట్టుదల వల్లే. ఇవన్నీ ఒక ఎత్తు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 1962లో ఆయన పెట్టిన బెంగళూరు సైన్స్ ఫోరం. వారానికోసారి ఎవరో ఒక నిపుణుణ్ణి పిలిచి మాట్లాడించడం, అందరూ కూర్చుని వినడం, ప్రశ్నలడగడం. పాఠం చెప్పడంలో అంత పేరున్న మనిషి వినడానికి వారంలో ఒక సాయంత్రం కట్టుబాటుగా కేటాయించారు.

అలాంటి సభ మీ ఊళ్ళోనూ చిన్నగా పెట్టుకోవచ్చు. శనివారం సాయంత్రం నలుగురు టీచర్లు, ఒక పట్టు రైతు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో ధర ఎలా తేలుతుందో ఆయన చెబుతాడు, మీరు వింటారు. ఇంకో వారం టమోటా మండీలో పనిచేసే మనిషి, మరో వారం ఆసుపత్రి నర్సు. టీ, ఉడకేసిన చెనిక్కాయలు చాలు. మైకు, శాలువా, దండ వద్దు.

డ్యూటీలు సెలవులను మింగేస్తాయి కదా అంటారు. నిజమే. 2025 సెప్టెంబరు 22న మొదలైన కర్ణాటక సామాజిక, విద్యా సర్వే వల్ల ఎందరో టీచర్ల దసరా రజా ఇల్లిల్లూ తిరగడంలోనే గడిచిపోయింది. పోయిన సెలవు కోసం బాధపడటం న్యాయమే, సంఘం ద్వారా అడగడమూ న్యాయమే. అయితే అలాంటి డ్యూటీలో మీరు తొక్కిన గడపల్లో మీ పిల్లల ఇళ్ళూ ఉన్నాయి. దీపం ఎక్కడుంది, చదువుకునే చోటు ఎక్కడుంది అని చూసినవాళ్ళు ఆ చూసినదాన్ని ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఏ వారం డ్యూటీ పడినా, దానికి బదులు తర్వాతి వారం ఒక పూటను ముందే క్యాలెండరులో గీత గీసి దక్కించుకోండి.

మైసూరు వైపు నుంచో ఉత్తర కర్ణాటక నుంచో కొత్తగా బాగేపల్లికి పోస్టింగు వచ్చిన టీచర్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. శనివారం మధ్యాహ్నమే ఊరికి పరుగెత్తకండి. నెలలో ఒకటి రెండు ఆదివారాలైనా ఇక్కడే ఉండండి. మీ ఒకటో తరగతి పిల్లలకు వచ్చింది తెలుగు, మీరు చెప్పేది కన్నడం. సంతకు వెళ్ళి బేరమాడండి. కాయగూర పేర్లు, చుట్టరికాల పిలుపులు, ఒంట్లో బాగోలేదని చెప్పే మాటలు ముందు నేర్చుకోండి. ఒకటో తరగతిలో కడుపునొప్పితో ఏడ్చే పిల్ల ఏం చెబుతోందో అర్థం కావాలంటే అవే కావాలి. తప్పు పలికితే సంతలో అమ్మే అవ్వ దిద్దుతుంది, సంకోచపడకండి.

చివరగా ఒక జాగ్రత్త. గుడిబండకు వెళ్ళేవాళ్ళు పొద్దున్న ఏడింటికల్లా కొండ కింద ఉండేలా బయల్దేరండి. బండ ఎండకు త్వరగా కాగుతుంది. జారని చెప్పులు, తాగడానికి నీళ్ళు, ఒక నోటుపుస్తకం, పెన్సిలు తీసుకెళ్ళండి. ముందు రాత్రి వాన పడి ఉంటే బండ పాకుడు పట్టి ఉంటుంది, ఆ వారం మానేసి చెరువు కట్ట మీద నడవండి.