సర్వర్‌తో పాటు మీరూ అప్‌డేట్ అవ్వండి

‘కొత్త ఫీచర్లు వచ్చాయి, చూడండి’ అంటూ ఐటీ విభాగం నుంచి మెయిల్ వస్తుంది. చాలామంది తెరవకుండానే పక్కన పడేస్తారు. పని ఎలాగూ నడుస్తోంది కదా, ఇప్పుడు ఇదొకటా అనుకుంటారు. ఆర్నెల్లు తిరిగేసరికి పక్క టీమ్‌లో ఒకరు పది నిమిషాల్లో తేల్చేసే పనికి మనకు ఒక పూట పడుతుంది. వాళ్లకు మనకన్నా తెలివి ఎక్కువేం లేదు. వాళ్లు ఆ మెయిల్ చదివారు, అంతే.

షేర్‌పాయింట్ సర్వర్‌నే తీసుకోండి. ఫైళ్లు ఒకచోట ఉంచుకోవడానికి, నలుగురూ కలిసి పనిచేయడానికి పెద్ద సంస్థలు వాడే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ ఇది. 2001లో మొదలైంది. 2010, 2013, 2016, 2019... ఇలా కొన్నేళ్లకోసారి కొత్త వెర్షన్ వచ్చేది. అప్పుడొక శిక్షణకు వెళ్లొస్తే మళ్లీ వెర్షన్ మారేదాకా ఇబ్బంది ఉండేది కాదు. 2021 నవంబరులో సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ రావడంతో ఈ పద్ధతి మారింది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు కొత్త ఫీచర్లు అప్‌డేట్లలోనే వచ్చి చేరుతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఆర్నెల్లకోసారి మారుతున్నప్పుడు మన చదువు మూడేళ్లకోసారి సాగితే సరిపోదు. హైదరాబాద్‌లో కూర్చుని రాత్రి షిఫ్టుల్లో అమెరికా, యూరప్ కంపెనీల సర్వర్లు చూసుకునేవాళ్లకూ, అదే సర్వర్‌లో రోజూ ఫైళ్లు తెరిచే అకౌంట్స్, హెచ్‌ఆర్ ఉద్యోగులకూ ఈ మాట వర్తిస్తుంది.

మరి ఎలా నేర్చుకోవాలి?

1. ఇబ్బందితో మొదలుపెట్టండి

కొత్త ఫీచర్ల జాబితా ముందేసుకుని మొదటి వరుస నుంచి చదివితే మూడో వరుసకే నిద్ర వస్తుంది. అందుకే ముందు మీ ఇబ్బందులు రాసుకోండి. ఈ నెలలో మిమ్మల్ని విసిగించిన పనులేవి? ఒకే ఫైలు ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లేటెస్ట్ ఫైనల్’ అంటూ మెయిళ్లలో తిరుగుతోందా? పని ముగిశాక వంద ఫైళ్లను ఒక్కొక్కటిగా చెకిన్ చేస్తున్నారా (అంటే తిరిగి అప్పగిస్తున్నారా)? ఆ చీటీ పక్కన పెట్టుకుని కొత్త ఫీచర్ల పేజీ తెరవండి. సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌లో ఫైళ్లన్నిటినీ ఒకేసారి చెకౌట్, చెకిన్ చేసే వీలు, మూకుమ్మడిగా డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉన్నాయని కనిపిస్తుంది. ఇక మర్చిపోమన్నా మర్చిపోరు. అవసరం ఉన్నచోటే జ్ఞాపకం నిలుస్తుంది.

2. ఒక్కదాన్ని పట్టుకోండి, చివరిదాకా వెళ్లండి

పది ఫీచర్ల పేర్లు తెలిసినవాళ్లు మీటింగ్‌లో మాట్లాడగలరు. ఒక్కదాన్ని లోతుగా ఎరిగినవాళ్లు టీమ్‌ను గండం గట్టెక్కించగలరు.

వెర్షన్ హిస్టరీ గురించి అందరూ విన్నారు. దాన్ని తెరిచి చూసినవాళ్లు ఎందరు? ఎవరో పొరపాటున బడ్జెట్ షీటులో రెండు కాలమ్‌లు తుడిచేసి సేవ్ చేశారనుకోండి. ఆ ఫైలు ఉన్న లైబ్రరీలో వెర్షనింగ్ (పాత ప్రతులను దాచి ఉంచే ఏర్పాటు) పెట్టి ఉంటే కంగారు పడక్కర్లేదు. ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి వెర్షన్ హిస్టరీ తెరిస్తే, ఏ రోజు, ఏ గంటకు, ఎవరు సేవ్ చేశారో వరుసగా కనిపిస్తుంది. పాడవకముందున్న వెర్షన్‌ను ఎంచుకుని రిస్టోర్ నొక్కాలి.

ఇక్కడే ఒక చిన్న విషయం చాలామందిని భయపెడుతుంది. పాతది తెచ్చుకుంటే మధ్యలో చేసిన పని పోతుందేమో అని! పోదు. పాత వెర్షన్ నకలు కొత్త వెర్షన్‌గా పైన చేరుతుంది, మిగతావన్నీ జాబితాలో అలాగే ఉంటాయి. ఫైలునే తొలగించేసి ఉంటే రీసైకిల్ బిన్‌లో వెతకాలి. సంస్థ సొంత సర్వర్‌లో మామూలుగా 30 రోజుల గడువు ఉంటుంది. అడ్మిన్ దాన్ని మార్చి ఉండొచ్చు కాబట్టి మీ ఆఫీసులో ఎంతో ఈ రోజే అడిగి రాసిపెట్టుకోండి. ఫైలు పోయిన రోజు అడిగితే ఆలస్యం అయి ఉండొచ్చు.

ఒక్క ఫీచర్‌ను ఇంత లోతుగా చూడటానికి అరగంట చాలు. నెలకు ఒకటి చొప్పున చూసినా ఏడాదికి పన్నెండు. మీ విభాగంలో సందేహం వచ్చిన ప్రతివాళ్లూ మీ సీటు దగ్గరికే వస్తారు.

3. చప్పగా ఉన్న వరుసను వదిలేయకండి

రంగులు, కొత్త బటన్లు అందరికీ నచ్చుతాయి. అప్‌డేట్ నోట్లలో భద్రతకు సంబంధించిన వరుసలు చప్పగా ఉంటాయి, కళ్లు వాటి మీద నిలవవు. వాటి విలువ ఏమిటో 2025 జులై చెప్పింది.

ఆ నెలలో షేర్‌పాయింట్ సర్వర్లలోని కొన్ని లోపాలను పట్టుకుని హ్యాకర్లు పెద్ద ఎత్తున దాడి చేశారు. ‘టూల్‌షెల్’ పేరుతో అది ప్రపంచమంతా వార్త అయింది. దెబ్బ తగిలింది సంస్థలు సొంతంగా నడుపుకునే సర్వర్లకు. క్లౌడ్‌లో ఉండే షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కు ఆ ప్రమాదం లేదు. మైక్రోసాఫ్ట్ హడావుడిగా ప్యాచ్‌లు విడుదల చేసింది. ప్యాచ్ వేస్తేనే సరిపోదని, సర్వర్ మెషీన్ కీలను కూడా మార్చుకోవాలని చెప్పింది. ఎందుకంటే కీలు ఒకసారి దొంగల చేతిలో పడ్డాక తలుపు బాగుచేసుకున్నా వాళ్లు మళ్లీ లోపలికి రాగలరు.

గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. సర్వర్‌కు వచ్చే అభ్యర్థనల్లో హానికరమైనవి ఉన్నాయేమో యాంటీవైరస్‌తో పరీక్ష చేయించే ‘ఆమ్సీ’ అనే ఏర్పాటు షేర్‌పాయింట్‌లోకి ముందే వచ్చింది. 2023 సెప్టెంబరు అప్‌డేట్లతో అది దానంతటదే ఆన్ అయ్యేలా చేశారు కూడా. దాడి సమయంలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సలహాల్లో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవడం ముఖ్యమైనది. దాన్ని ఆన్ చేయలేనివాళ్లు ప్యాచ్ పడేదాకా సర్వర్‌ను ఇంటర్నెట్ నుంచి తప్పించమన్నారు. అంతకు రెండేళ్ల ముందటి ఆ వరుసను చదివి, తమ సర్వర్‌లో సరిచూసుకున్న అడ్మిన్‌కు దాడి వార్త వచ్చినప్పుడు ఏం చేయాలో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

కాబట్టి ప్రతి అప్‌డేట్ నోట్ చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏం మారింది? ఎవరి మీద ప్రభావం? మనం చేయాల్సింది ఏమిటి? మూడో ప్రశ్నకు జవాబు రాసుకోనిదే పేజీ మూయకండి.

4. చేత్తో చేసి చూడండి

వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. మౌస్ చేతికి వచ్చాకే అసలు సంగతి తెలుస్తుంది. ఈత పుస్తకం చదివితే రాదు కదా!

సాధనకు డబ్బు లేదని ఆగక్కర్లేదు. షేర్‌పాయింట్ నడవడానికి కావాల్సిన విండోస్ సర్వర్‌ను 180 రోజులు ప్రయోగాత్మకంగా వాడుకోవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ నేర్చుకునేవాళ్లకు ఉచితం. కాస్త మెమరీ ఉన్న కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్ పెట్టుకుని ఇన్‌స్టాల్ చేయండి, పాడుచేయండి, మళ్లీ బాగుచేయండి. ఆఫీసు సర్వర్ మీద మాత్రం ప్రయోగాలు వద్దు.

చేసి చూస్తేనే తెలిసే విషయానికి ఒక ఉదాహరణ. షేర్‌పాయింట్ ప్యాచ్ ఇన్‌స్టాల్ చేయడంతో పని పూర్తి కాదు. తర్వాత కాన్ఫిగరేషన్ విజార్డ్ నడపాలి, అప్పుడే డేటాబేస్‌లు కూడా కొత్త స్థాయికి వస్తాయి. కొత్తగా చేరినవాళ్లు మొదటి సగం చేసి ‘అయిపోయింది సార్’ అనేస్తారు. సొంత మెషీన్ మీద ఒక్కసారి రెండు దశలూ చేసినవాళ్లు జన్మలో ఆ పొరపాటు చేయరు.

5. ఉచితంగా ఉన్నదాన్ని క్రమంగా వాడండి

మైక్రోసాఫ్ట్ లెర్న్ 2018 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది. పాఠాలు చిన్నచిన్న భాగాలుగా ఉంటాయి, చివర ప్రశ్నలు ఉంటాయి. షేర్‌పాయింట్ సర్వర్ ప్రతి వెర్షన్‌లో కొత్తగా ఏమొచ్చిందో చెప్పే పేజీలు కూడా అక్కడే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ వంటి సర్టిఫికెట్లు సాధించినవాళ్లు గడువు దాటకముందే ఏటా ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు. కష్టపడి తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను తేదీ మర్చిపోయి పోగొట్టుకోకండి. ఈ రోజే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట. ఆ టైమ్‌ను క్యాలెండర్‌లో బ్లాక్ చేసి, మీటింగ్‌కు ఇచ్చే గౌరవమే దానికీ ఇవ్వండి.

6. తెలుగులో చెప్పి చూడండి

ఈ పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు అక్కడే వెనకడుగు వేస్తారు. వేయకండి. పేజీ చదివాక దాని సారం నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసుకోండి. సాంకేతిక పదాలను ఉన్నవి ఉన్నట్టే ఉంచండి, చుట్టూ వాక్యం మీదై ఉండాలి. రాయలేకపోయిన చోట మీకు అర్థం కాలేదని లెక్క. అక్కడికి మళ్లీ వెళ్లండి.

తర్వాత టీ బ్రేక్‌లో ఒక సహోద్యోగికి చెప్పండి. ‘అన్నా, ఆ ఫైలు పోయిందని బాధపడ్డావుగా, ఇలా తెచ్చుకోవచ్చు చూడు’ అని స్క్రీన్ మీద చూపించండి. వాళ్లు వేసే ప్రశ్న మీకు తట్టనిదై ఉంటుంది. ఆ ప్రశ్నే మీ తర్వాతి పాఠం. తెలిసింది దాచుకుంటే ఉద్యోగం భద్రమనుకునే రోజులు పోయాయి. పంచేవాళ్లనే టీమ్ నమ్ముకుంటుంది.

7. పాతదాన్ని సమయానికి వదలండి

ఏళ్ల తరబడి ఒక పనిముట్టు మీద పట్టు సంపాదించాక దాన్ని వదలడం కష్టమే. ఇన్ఫోపాత్‌లో ఫారాలు, షేర్‌పాయింట్ డిజైనర్‌లో వర్క్‌ఫ్లోలు కట్టి పేరు తెచ్చుకున్న నిపుణులు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఆ రెండింటికీ, షేర్‌పాయింట్ సర్వర్ 2016, 2019లకూ మద్దతు గడువు 2026 జులై 14 అని మైక్రోసాఫ్ట్ ముందే ప్రకటించింది. ఇలాంటి తేదీని చూసి బెదరకండి, మీ ప్రణాళికకు దాన్నే మొదటి మైలురాయి చేసుకోండి.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. పాత ఫారం ఎందుకు అలా కట్టారో, సెలవు దరఖాస్తు ఎవరి నుంచి ఎవరికి వెళ్లాలో, ఎక్కడ ఆగిపోతుందో మీకు తెలుసు. ఆ అవగాహనకు గడువు తేదీ లేదు. కొత్త పనిముట్టును ఎవరైనా నేర్చుకోవచ్చు గానీ, సంస్థ పని తీరు ఎరిగినవాళ్ల చేతిలో పడితేనే అది ఉపయోగపడుతుంది. అందుకే అనుభవజ్ఞులు నేర్చుకోవడం మొదలుపెడితే కొత్తవాళ్లకన్నా ముందుంటారు.

ఈ వారమే మొదలుపెట్టండి

సోమవారం మీ ఇబ్బందుల చీటీ రాయండి. బుధవారం అందులో ఒకదానికి పనికొచ్చే ఫీచర్ వెతికి, పరీక్షకు పెట్టుకున్న ఫైలు మీద చేసి చూడండి. శుక్రవారం ఒక్కరికి నేర్పండి. వచ్చే వారం చీటీలో రెండో వరుస తీసుకోండి. సర్వర్‌కు అప్‌డేట్ వేసే బాధ్యత అడ్మిన్ చూసుకుంటారు. మీకు అప్‌డేట్ వేసుకోవాల్సింది మాత్రం మీరే.