స్టీల్ గిటారుకు మన్నికైన వాల్యూమ్ పెడల్



వాద్యం కొనడానికి నెలల తరబడి ఆలోచించేవారు కూడా, దానికి తోడుగా కావలసిన చిన్న సామాను దగ్గరికి వచ్చేసరికి దుకాణదారుడు చేతికిచ్చినదే పుచ్చుకుంటారు. స్టీల్ గిటారు విషయంలో ఇది తగదు. ఈ వాద్యంలో సగం సంగీతం చేతుల్లో ఉంటే, తక్కిన సగం కుడి పాదం క్రింద ఉంటుంది. ఆ పాదం క్రింద ఉండేదే వాల్యూమ్ పెడల్. పాట మధ్యలో అది గరగరలాడినా, తాడు తెగినా వాద్యకారుడు చేయగలిగింది ఏమీ లేదు. కావున మన్నికైన పెడల్‌ను గుర్తించడం ఎలాగో ఈ వారం పాఠంలో తెలిసికొందాం.

1. పెడల్ చేసే పని

ఒక వస్తువు మంచిదా కాదా అని అడిగే ముందు, అది దేని కోసం ఉన్నదో అడగాలని అరిస్టాటిల్ నేర్పాడు. మనమూ అక్కడి నుండే మొదలుపెడదాం.

స్టీల్ గిటారు పుట్టినిల్లు హవాయి దీవులు. ఓహూ దీవిలో 1874లో జన్మించిన జోసెఫ్ కెకుకు, తీగలపై ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే పద్ధతికి ఆద్యుడని పేరు పొందాడు. 1930ల ఆరంభంలో ఈ గిటారుకు విద్యుత్తు తోడయింది. తరువాత తీగల శ్రుతిని కాలితో మార్చే పెడల్ స్టీల్ గిటారు వచ్చింది. శ్రుతి మార్చే పెడళ్లు వేరు, మనం మాట్లాడుకునే వాల్యూమ్ పెడల్ వేరు. వాద్యకారుడు సాధారణంగా మొదటివాటిని ఎడమ కాలితోను, రెండవదానిని కుడి కాలితోను నడుపుతాడు.

తీగను మీటగానే ధ్వని గట్టిగా లేచి, వెంటనే తగ్గిపోతూ ఉంటుంది. నేర్పరి అయిన వాద్యకారుడు పెడల్‌ను సగం వరకే నొక్కి తీగను మీటుతాడు. ధ్వని తగ్గుతున్న కొద్దీ పాదాన్ని మెల్లగా క్రిందికి నొక్కుతాడు. అప్పుడు స్వరం మనిషి గొంతు లాగా నిలకడగా సాగుతుంది. అమెరికాలో ‘హౌస్ ఆఫ్ గాడ్’ అనే ఆఫ్రికన్ అమెరికన్ల సంఘంలో 1930ల చివరి నుండి స్టీల్ గిటారు ఆరాధన సంగీతంలో ప్రముఖ స్థానం పొందింది. వాద్యమే పాడుతున్నట్లు, విలపిస్తున్నట్లు అక్కడి వారు వాయించడంలో ఈ పెడల్ పాత్ర చిన్నది కాదు. మన దేశంలో హవాయి గిటారు అని పిలిచే వాద్యాన్ని యాంప్లిఫయరుకు కలిపి వాయించే వారికీ ఇదే అవసరం.

అంటే ఈ పెడల్ అప్పుడప్పుడు తిప్పి వదిలేసే మీట కాదు. పాట సాగినంతసేపూ ఊపిరి లాగా ఆడుతూనే ఉంటుంది.

2. అరిగేది ఏది?

మన్నిక అనగానే చాలామంది పైపెట్టెను తట్టి చూస్తారు. దళసరి ఇనుమా, అల్యూమినియమా అని అడుగుతారు. కాని పైపెట్టె విరిగి పాడయిన పెడళ్లు అరుదు. ఎడ్లబండి నాణ్యాన్ని పలకల రంగు చూసి చెప్పలేం, ఇరుసు చూసి చెప్పాలి. పెడల్‌లో ఇరుసు వంటిది లోపలి పొటెన్షియోమీటరు. మన రేడియో మెకానిక్కులు దీనినే ‘వాల్యూమ్ కంట్రోల్’ అంటారు. అందులో కార్బన్ పూసిన దారి మీద చిన్న లోహపు వేలు ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఆ ఒరిపిడికి పూత అరుగుతుంది, దుమ్ము చేరుతుంది. అప్పుడే గరగర మొదలవుతుంది.

ఒక లెక్క వేసి చూడండి. ఇంట్లో రేడియో మీటను రోజుకు 10 సార్లు తిప్పుతామనుకుంటే, సంవత్సరానికి 3,650 సార్లు. స్టీల్ గిటారు వాద్యకారుడు పాటకు 100 సార్లు పాదం ఆడించి, రోజుకు 10 పాటలు సాధన చేస్తాడనుకుంటే, సంవత్సరానికి 3,65,000 సార్లు. చేతితో తిప్పే మీట కోసం తయారైన భాగం మీద నూరు రెట్లు పని పడుతుంది. పైగా పాదం ఎక్కువ సేపు మధ్య భాగంలోనే ఆడుతుంది గనుక పూత అంతా సమంగా అరగదు, ఒక్కచోటే గాడి పడుతుంది.

ఇందులో నుండి మనం గ్రహించవలసిన సూత్రం ఇది: అరగని పెడల్ కోసం వెదకడం వృథా. అరిగే భాగాన్ని తేలికగా మార్చుకోగల పెడలే మన్నికైనది.

3. ముఖ్యమైన రకాలు

(అ) తాడు రకం: పాదపలకను నొక్కినప్పుడు సన్నని తాడు కంట్రోల్ ఇరుసును త్రిప్పుతుంది. ఎర్నీ బాల్, గుడ్రిచ్ పెడళ్లు ఈ తరహావి. కదలిక మెత్తగా ఉంటుంది. తాడు, కంట్రోల్ రెండూ అరుగుతాయి, కాని రెండింటినీ మార్చుకోవచ్చు.

(ఆ) పళ్ల రకం: తాడుకు బదులు పళ్లకడ్డీ, పళ్లచక్రం ఉంటాయి. తెగే భయం లేదు. అయితే పళ్లు అరిగితే కదలికలో వదులు వస్తుంది. అటువంటి చక్రం మరొకటి దొరకడం కష్టం.

(ఇ) కాంతి రకం: ఇందులో ఒరుసుకునే కంట్రోల్ ఉండదు. కంటికి కనబడని కాంతిని పాదపలక ఎంత అడ్డుకుంటే ధ్వని అంత మారుతుంది. హిల్టన్ పెడల్ ఈ తరహాది. గరగర సమస్య తీరుతుంది. దానికి బదులుగా విద్యుత్తు మీద ఆధారపడాలి. కరెంటు పోతే యాంప్లిఫయరూ ఆగుతుంది గనుక అది పెద్ద చిక్కు కాదు. అసలు చిక్కు మరమ్మతులో ఉంది. లోపలి సర్క్యూటు చెడితే మామూలు మెకానిక్కు చేతికి అందదు. అమెరికా నుండి తెప్పించుకునేవారు మరొకటి గమనించాలి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230 వోల్టులు. అడాప్టరు మీద వ్రాసినది చదవకుండా ప్లగ్గు పెట్టరాదు.

4. దుకాణంలో చేయవలసిన పరీక్షలు

మొదటిది: పెడల్‌ను తిరగవేసి చూడండి. అడుగు రేకు మరలతో బిగించి ఉన్నదా? విప్పితే కంట్రోల్, తాడు చేతికి అందుతాయా? అందకపోతే తక్కిన పరీక్షలు చేయనక్కర లేదు.

రెండవది: పాదపలకను పక్కలకు ఊపండి. కీలు వద్ద ఆట ఉంటే అది రోజురోజుకూ పెరుగుతుందే గాని తగ్గదు.

మూడవది: గిటారుకు, యాంప్లిఫయరుకు కలిపి, మెల్లగా పైనుండి క్రింది వరకు నొక్కండి. ధ్వని క్రమంగా పెరగాలి. ఒక్కసారిగా ఎగిరితే పాదానికి అదుపు చిక్కదు. మడమ పూర్తిగా దించినప్పుడు నిశ్శబ్దం రావాలి.

నాల్గవది: కేబులు గుచ్చే సాకెట్లు పైపెట్టెకు నట్టుతో బిగించి ఉండాలి. కేవలం సర్క్యూటు బోర్డుకు అతికించినవి కేబులు లాగుళ్లకు ఊడిపోతాయి.

ఐదవది: కూర్చుని, వాద్యం క్రింద పాదం పెట్టి చూడండి. నిలబడి వాయించే గిటారు వారికి తయారైన ఎత్తు పెడల్ వేస్తే మోకాలు వాద్యానికి తగులుతుంది.

5. కంట్రోల్ విలువ

సాధారణ పికప్పు ఉన్న స్టీల్ గిటారుకు 500 కిలో ఓముల కంట్రోల్ వాడుక, 250 కూడా కొన్ని పెడళ్లలో వస్తుంది. 25 కిలో ఓములది బ్యాటరీతో పనిచేసే పికప్పులకు ఉద్దేశించినది. దానిని సాధారణ పికప్పుకు కలిపితే ధ్వని మొద్దుబారుతుంది. స్పేరు కొనేటప్పుడు సాధారణంగా ఆసియా తయారీలో ‘ఏ’ అక్షరం ఉన్నది చెవికి క్రమంగా వినిపించే రకం, ‘బి’ అక్షరం ఉన్నది మరొక రకం. మనకు కావలసింది ‘ఏ’. ఇరుసు లావు, పొడవు పాతదానితో సరిపోవాలి.

6. ముగింపు

పెద్ద నగరంలో ఉండి, నిపుణుడైన ఎలక్ట్రానిక్స్ మెకానిక్కు అందుబాటులో ఉన్నవారు, రోజూ గంటల తరబడి వాయించేవారు కాంతి రకాన్ని ఆలోచించవచ్చు. చిన్న ఊరిలో ఉండి, ఉన్న కొద్ది డబ్బుతో కొనే బృందానికి మాత్రం తాడు రకమే మేలు. కొన్ననాడే రెండు కంట్రోళ్లు, ఒక తాడు కొని పెట్టెలో ఉంచుకోండి. తాడు కట్టడం, రెండు మూడు తీగలు సోల్డరింగ్ చేయడం బృందంలో ఒక్కరైనా నేర్చుకోవాలి. గరగర వస్తే కొబ్బరినూనె పోయకండి, దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది. రేడియో సామాను దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనరు కొద్దిగా వాడండి. వాయించడం అయిపోయాక గుడ్డ కప్పండి.

వస్తువు మన్నిక సగం తయారు చేసినవాని చేతిలో ఉంటే, సగం వాడుకునేవాని చేతిలో ఉంటుంది. విప్పి చూడగలిగిన పెడల్, విప్పి బాగుచేయగల మనిషి ఒకచోట ఉంటే ఆ వాద్యం చాలాకాలం పలుకుతుంది.

ఆలోచించండి:

1. మీ బృందం వద్ద ఉన్న పెడల్ ఏ రకానిది? అందులో మొదట అరిగేది ఏది?
2. ఆ భాగం రేపు చెడిపోతే మీ ఊరిలో ఎవరు మార్చగలరు?
3. ఈ రెండవ ప్రశ్నకు జవాబు లేకపోతే, ఎవరికి నేర్పిస్తారు?