వెండి పొడి - సూదంటురాయి - మంచినీళ్లు

చీమకుర్తి నల్లరాయికి పేరు. ఆ రాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి. దాన్ని గెలాక్సీ రాయి అంటారు. అది విదేశాలకు కూడా పోతుంది.

చీమకుర్తి పక్క ఊళ్లో ఒక కుటుంబం ఉంది. మగవాళ్లు రాయి క్వారీలో పని చేస్తారు. ఇంట్లో అత్త, కోడలు, ఏడాది పిల్లవాడు ఉంటారు. నెలలో రెండోసారి పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి.

కోడలు దిగులు పడింది. “నీళ్లలోనే ఏదో ఉంది అత్తా. నా పట్టీలు తాకట్టు పెట్టి వెండి ఫిల్టరు కొందాం” అంది.

“ఫిల్టరు ఎందుకే? వెండి ఉగ్గుగిన్నె ఉందిగా. నీ మొగుడికి దాంతోనే ఉగ్గు పెట్టాను. దాన్ని బిందెలో వేస్తే చాలు” అంది అత్త.

అంతలో ఆశా వర్కరు వచ్చింది. ముందు పిల్లవాడిని చూసింది. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఇచ్చింది.

“కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ప్యాకెట్టు మొత్తం కలుపు. కొంచెం కొంచెం తాగించు. తల్లిపాలు మానొద్దు. విరేచనంలో రక్తం పడినా, కళ్లు లోతుకు పోయినా, పిల్లవాడు తాగలేకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి” అని చెప్పింది.

తరువాత అత్త అడిగింది. “వెండికి రోగాన్ని ఆపే గుణం లేదంటావా?”

“ఉంది పెద్దమ్మా. రోగాలు తెచ్చే సూక్ష్మజీవులను వెండి చంపుతుంది. 1880లో జర్మనీలో క్రెడే అనే డాక్టరు పుట్టిన బిడ్డల కళ్లలో వెండి మందు చుక్కలు వేశాడు. దాంతో ఎందరో బిడ్డలకు చూపు దక్కింది. కాలిన పుండ్లకు ఆస్పత్రిలో రాసే తెల్లమందులో కూడా వెండి ఉంటుంది.”

“అయితే గిన్నె వేస్తే చాలుగా?”

“పులుసులో ఎండుమిరపకాయ నిండుకాయ వేస్తే ఎంత కారం?”

“కొంచెమే.”

“అదే కాయను దంచి వేస్తే?”

“నోరు మండుద్ది!”

“వెండి కూడా అంతే. గిన్నెలో వెండి అంతా లోపలే ఉండిపోతుంది. పొడి చేస్తే ఎక్కువ వెండి నీళ్లకు తగులుతుంది.”

ఈ పొడి చాలా సన్నం. ఒక మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే ఒక భాగాన్ని నానోమీటరు అంటారు. వెండి రేణువు 10, 20 నానోమీటర్లు ఉంటుంది. సూక్ష్మజీవి దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. వెండి నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. అది సూక్ష్మజీవి పైపొరను పాడు చేస్తుంది. సూక్ష్మజీవి చస్తుంది.

హైదరాబాదులో ఏ.ఆర్.సి.ఐ. అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఫిల్టరులో పెట్టే మట్టి క్యాండిలుకు ఇలాంటి వెండి పూత పూశారు.

కోడలికి ఒక అనుమానం వచ్చింది. “మరి ఆ పొడిని నీళ్లలోనే కలిపితే మన కడుపులోకి పోదా అక్కా?”

“మంచి మాట అడిగావు. వెండి ఎక్కువగా ఒంట్లోకి పోతే చర్మం నీలంగా మారుతుంది. అందుకే శాస్త్రవేత్తలు ఒక ఉపాయం కనిపెట్టారు. పిల్లలు ఇసుకలో సూదంటురాయి తిప్పితే ఏమవుతుంది?”

“నల్లని ఇనప రజను అంటుకుంటుంది.”

“అదే ఉపాయం. అలాంటి ఇనప రజనునే ఇంకా సన్నగా తయారు చేస్తారు. అది చెడిపోకుండా గాజులాంటి పూత పూస్తారు. దాని మీద వెండి రేణువులు అతికిస్తారు. మన గెలాక్సీ రాయిలో చుక్కల్లాగా అన్నమాట. దాన్ని నీళ్లలో కలిపితే సూక్ష్మజీవులు చస్తాయి. తరువాత సూదంటురాయి పెడితే ఆ రజను పక్కకు వచ్చేస్తుంది. దాన్ని మళ్లీ వాడుకోవచ్చు. ఇది పరిశోధనశాలల్లో చేస్తున్న పని. ఎవరైనా ఇంటికొచ్చి అలాంటి పొడి అమ్మితే కొనొద్దు.”

“అయితే వెండి ఫిల్టరు కొనమంటావా?” అంది కోడలు.

“ముందు నీళ్లు పరీక్ష చేయిద్దాం. వెండి సూక్ష్మజీవులను చంపుతుంది. ఫ్లోరైడును తీయలేదు. కనిగిరి వైపు ఎందరికో ఫ్లోరైడు వల్ల పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగాయి. నీళ్లు కాచినా ఫ్లోరైడు పోదు. లీటరు నీళ్లలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఏ జబ్బో తెలియకుండా మందు కొంటామా?”

పరీక్ష చేయించారు. ఫ్లోరైడు హద్దులోనే ఉంది. సూక్ష్మజీవులను చూసే సీసాలో నీళ్లు మాత్రం మరునాటికి నల్లబడ్డాయి. అంటే నీళ్లలో మలం కలిసింది. ఆ సంగతి పంచాయతీకి చెప్పారు.

ఆ రోజు నుంచి కోడలు నీళ్లు గుడ్డతో వడకడుతుంది. కళపెళా కాగిన తరువాత ఒక నిమిషం ఉంచి దించుతుంది. మూత పెడుతుంది. కాడ ఉన్న గంటెతోనే ముంచుతుంది. అత్త సబ్బుతో చేతులు కడుక్కుని మనవడికి అన్నం పెడుతుంది.

వెండి గిన్నె పెట్టెలోనే ఉంది. పట్టీలు కోడలి కాళ్లకే ఉన్నాయి.

చదివి చెప్పండి:
1. వెండి గిన్నె కంటే వెండి పొడి ఎందుకు బాగా పని చేస్తుంది?
2. ఇనప రజనుకు వెండి ఎందుకు అతికిస్తారు?
3. వెండి దేనిని చంపుతుంది? దేనిని తీయలేదు?
4. మీ ఊరి నీళ్లు ఎప్పుడు పరీక్ష చేయించారు? పంచాయతీలో అడిగి రాయండి.